చక్కెర తీశారు సరే, ఆ చోట ఏం పెట్టారు?

(వాకర్స్ సంఘం ఆదివారం సమావేశంలో ఒక పోషకాహార అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడిచొచ్చి, ఇంకా టిఫిన్ కూడా చేయకుండా కూర్చున్నారు. కాబట్టి ఉపోద్ఘాతం మానేసి విషయంలోకి వస్తాను. సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మేడమ్, మావాళ్లు సగం మంది షుగర్ ఫ్రీ బిళ్ళలు, డైట్ మిక్స్చర్, డైజెస్టివ్ బిస్కెట్లు అంటూ తెగ కొంటున్నారు. పెట్టిన డబ్బుకి ఫలితం ఉందో లేదో తేల్చి చెప్పండి" అన్నారు. కొన్నిటికి ఉంది, చాలావాటికి లేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో మీకు మీరే పోల్చుకునేలా చెప్పాలని వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు పోట్లాడొచ్చు. తక్కువ క్యాలరీల సరుకు తాగేవాటిలో చాలావరకు గిట్టుబాటు అవుతుంది. తినేవాటిలో చాలావరకు కాదు.

ఎందుకో చూద్దాం. ఒక 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ తీసుకోండి. అందులో ఉన్నదేమిటి? నీళ్లు, గ్యాస్, రంగు, రుచి, చక్కెర. వంద మిల్లీలీటర్లకి పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే సీసా మొత్తానికి 32 గ్రాములు, సుమారు ఆరు చెంచాలు. గ్రాముకి 4 క్యాలరీల చొప్పున దాదాపు 130 క్యాలరీలు. ఈ 130కి 130 చక్కెరవే. చక్కెర తీసేసి చిటికెడు స్వీటెనర్, అంటే చక్కెర బదులు వాడే తీపి పదార్థం, వేస్తే నీళ్లే మిగులుతాయి. సీసా మీద సున్నా అని రాస్తే అది నిజమే.

ఇప్పుడు కాజూ కత్లీ సంగతి చూద్దాం. వంద గ్రాముల కత్లీలో 55 గ్రాములు జీడిపప్పు, 40 గ్రాములు చక్కెర, 5 గ్రాములు నెయ్యి అనుకోండి. షాపుకీ షాపుకీ తేడా ఉంటుంది, లెక్క కోసం చెబుతున్నాను. జీడిపప్పుకి 320 క్యాలరీలు, చక్కెరకి 160, నెయ్యికి 45. మొత్తం 525. ఇందులోంచి చక్కెర తీసేస్తే 40 గ్రాముల గొయ్యి పడుతుంది. కూల్ డ్రింక్‌లో ఆ ఖాళీ నీళ్లతో నిండిపోయింది. కత్లీని నీళ్లతో నింపలేరు కదా! ఏదో ఒక పదార్థం వేయాలి. మాల్టిటాల్ అనే తీపి పొడి లాంటిది వేస్తే, దానికి గ్రాముకి రెండుంబావు క్యాలరీలు పోను 60, 70 క్యాలరీలు కలిసొస్తాయి. 525 కాస్తా 460 అవుతుంది. అలా కాకుండా జీడిపప్పే ఎక్కువేసి, తీపికి కొంచెం సుక్రలోజ్ అనే స్వీటెనర్ కలిపారనుకోండి, 525 కాస్తా 600 అవుతుంది. పెరిగింది! డబ్బా మీద మాత్రం "షుగర్ ఫ్రీ" అనే ఉంటుంది. అబద్ధం కూడా కాదు.

అబద్ధం కాదని ఎందుకంటున్నానంటే, మన దేశంలో దీనికి చట్టం ఉంది. ఫుడ్ సేఫ్టీ అథారిటీ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, నిబంధన ప్రకారం వంద గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకపోతే "షుగర్ ఫ్రీ" అని రాసుకోవచ్చు. కొవ్వు ఎంతుందో, క్యాలరీలు ఎన్నో ఆ మాటలో లేదు. "లో క్యాలరీ" అనాలంటే వేరే లెక్క. గట్టి పదార్థమైతే వంద గ్రాములకి 40 క్యాలరీలు, ద్రవమైతే వంద మిల్లీలీటర్లకి 20 మించకూడదు. నలభై! మన స్వీట్లు, బిస్కెట్లు, మిక్స్చర్లలో ఏ ఒక్కటీ ఆ దరిదాపుల్లోకి రాదు. అందుకే ఆ మాట రాయరు. డైట్, ఫిట్, స్మార్ట్, గిల్ట్ ఫ్రీ అని రాస్తారు. పేరు చదివి మురిసిపోకుండా ప్యాకెట్ వెనక్కి తిప్పి వంద గ్రాములకి ఎనర్జీ ఎంతో చూడండి. దాని పక్కనే మామూలు సరుకు పెట్టి పోల్చండి. డైజెస్టివ్ బిస్కెట్లను మేరీ బిస్కెట్లతో పోల్చిచూడండి, సరదాగా ఉంటుంది. రెండూ 440, 500 మధ్యే తిరుగుతుంటాయి. చాలాసార్లు డైజెస్టివ్‌దే పైచేయి. పీచు కొంచెం ఎక్కువుంటుంది, ఒప్పుకుంటాను, కానీ కొవ్వు కూడా ఎక్కువే. ఆరోగ్యం కోసమని టీలో ముంచుకుని ఆరేడు లాగించేవాళ్లు మీలో ఉన్నారు. పేర్లు చెప్పను. (నవ్వులు)

ఇక స్వీటెనర్ల సంగతి. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. శాకరిన్ 1879 నాటిది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ ల్యాబులో ఫాల్‌బర్గ్ అనే ఆయన బొగ్గు తారు నుంచి వచ్చే రసాయనాల మీద పనిచేస్తూ, చేతులు సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే బ్రెడ్డు తియ్యగా తగిలిందట. అస్పర్టేమ్ కూడా అంతే. 1965లో ష్లాటర్ అనే రసాయన శాస్త్రవేత్త అల్సరు మందు కోసం పనిచేస్తూ, కాగితం తీయడానికి వేలు నాలుకకి తాకించుకుంటే తియ్యగా ఉంది. ల్యాబులో శుభ్రత పాటించే మనిషైతే మనకి డైట్ కోలా ఉండేది కాదేమో.

అస్పర్టేమ్ చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి, సుక్రలోజ్ 600 రెట్లు. రెండు చెంచాల చక్కెరకి సరిపడా సుక్రలోజ్ అంటే 16, 17 మిల్లీగ్రాములు. కంటికి ఆనదు, చెంచాకి ఎక్కదు. అందుకే చిన్న సాషేలో పోసే పొడిలో నూటికి తొంభై వంతుల పైనే మాల్టోడెక్స్ట్రిన్ లాంటి పిండి పదార్థం ఉంటుంది, చేతికి అందడానికి. ఒక సాషేకి మూడు నాలుగు క్యాలరీలు. దానికేం భయపడక్కర్లేదు. నేను చెప్పేది ఏమిటంటే, చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు. బరువిస్తుంది, పాకం కడుతుంది, రంగు తెస్తుంది, నిల్వ ఉంచుతుంది. స్వీటెనర్ తీపి ఒక్కటే ఇస్తుంది. మిగతా పనులకి వేరే పదార్థాలు కావాలి. తినే వస్తువుల్లో బేరం చెడేది అక్కడే.

టీ, కాఫీ తాగేవే కదా, మరి అక్కడ లాభం ఎంత? రోజుకి నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలు అనుకుంటే 40 గ్రాముల చక్కెర, 160 క్యాలరీలు. తక్కువేం కాదు. దీని మీద మద్రాసులో, మన భోజనం తినే మనుషుల మీదే ఒక ప్రయోగం జరిగింది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 179 మంది టైప్ 2 షుగర్ పేషెంట్లను తీసుకుని, కొందరికి టీ, కాఫీల్లో చక్కెర బదులు సుక్రలోజ్ ఇచ్చి, 12 వారాలు చూశారు. 2024లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బరువు సగటున 300 గ్రాములు తగ్గింది. నడుం చుట్టుకొలత ఒక సెంటీమీటరు లోపు తగ్గింది. ఇందులోంచి రెండు మాటలు పట్టుకోండి. నష్టమేమీ కనిపించలేదు. అద్భుతమూ జరగలేదు. మూడు నెలల్లో మూడొందల గ్రాములంటే మనకి పొద్దుటికీ సాయంత్రానికీ వచ్చే తేడా కన్నా తక్కువ.

మరి 160 క్యాలరీలు రోజూ మిగిలితే అంతేనా తగ్గేది అని మీకు సందేహం రావాలి. మిగిలిన క్యాలరీలు మిగిలినట్టే ఉండవు. మనకి తెలియకుండానే వేరే దారిలో లోపలికి వచ్చేస్తుంటాయి. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1995లో ఒక చక్కటి ప్రయోగం ప్రచురించారు. ఆడవాళ్లకి భోజనానికి ముందు పెరుగు లాంటి యోగర్ట్ ఇచ్చారు. క్యాలరీలు సమానమే, లేబుళ్లే వేరు: ఒకదాని మీద కొవ్వు తక్కువ అని, ఇంకోదాని మీద కొవ్వు ఎక్కువ అని. కొవ్వు తక్కువ అని చదివి తిన్నప్పుడు ఆ తర్వాత భోజనం ఎక్కువ చేశారు. కడుపులో పడింది ఒకటే, తేడా అంతా లేబుల్‌దే.

మన ఇళ్లలో ఇది రోజూ జరుగుతుంది. మామూలు కారప్పూస అయితే గుప్పెడు తీసుకుని డబ్బా మూత పెట్టేస్తాం. "డైట్" అని రాసి ఉంటే డబ్బానే ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాం. నూనె తగ్గించి కాల్చిన మిక్స్చర్‌లో క్యాలరీలు ఐదో వంతు తక్కువ అనుకోండి, గుప్పెడు బదులు గుప్పెడున్నర తింటే లాభం పోయి ఎదురు నష్టం. పొద్దున్న టీలో బిళ్ళ వేసుకున్నాం కదా అని మధ్యాహ్నం పెళ్లి భోజనంలో రెండో జాంగ్రీకి చెయ్యి చాచడం కూడా ఈ లెక్కలోదే.

ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వెళ్లింది. 2023 మేలో వాళ్లు ఒక మార్గదర్శకం ఇచ్చారు: బరువు తగ్గడానికి చక్కెర బదులు స్వీటెనర్లు వాడొద్దని. పేపర్లలో "షుగర్ ఫ్రీ ప్రమాదం" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. అందులో ఇంకో వాక్యం ఉంది, అది ఎవరూ పెద్దగా వేయలేదు. ఇప్పటికే షుగర్ జబ్బు ఉన్నవాళ్లకి ఈ సూచన వర్తించదు. పైగా ఇది షరతులతో కూడిన సిఫార్సు, అంటే ఖాయంగా తేల్చి చెప్పింది కాదు. ఎందుకంటే, ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన అధ్యయనాల్లో స్వీటెనర్లు వాడేవాళ్లకి గుండె జబ్బులు, షుగర్ ఎక్కువగా కనిపించాయి. కానీ ఎవరు వాడతారండీ వాటిని? అప్పటికే లావవుతున్నవాళ్లు, ఇంట్లో షుగర్ చరిత్ర ఉన్నవాళ్లు. బిళ్ళ వల్ల జబ్బొచ్చిందా, జబ్బు భయంతో బిళ్ళ వచ్చిందా అన్నది ఆ అధ్యయనాలతో తేలదు.

క్యాన్సర్ మాట కూడా అడుగుతారు, అడగకముందే చెబుతాను. అదే ఏడాది జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అస్పర్టేమ్‌ను "కారకం కావచ్చు" అనే 2బీ జాబితాలో పెట్టింది. ఆ జాబితాలో కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం ఉంది, తూర్పు ఆసియాలో ఊరబెట్టుకునే కూరగాయలున్నాయి. మన ఆవకాయ కాదు లెండి, కంగారు పడకండి. అది సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెప్పే జాబితా, ప్రమాదం ఎంతో చెప్పేది కాదు. ప్రమాదం ఎంతో చూసే కమిటీ వేరే ఉంది. వాళ్లు పాత పరిమితినే కొనసాగించారు: శరీర బరువు కిలోకి రోజుకి 40 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకి తొమ్మిది నుంచి పద్నాలుగు క్యాన్ల డైట్ డ్రింక్ తాగాలి. అంత తాగేవాడికి వేరే సమస్యలుంటాయి.

ఫినైల్‌కీటోన్యూరియా అని పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అస్పర్టేమ్ ముట్టుకోకూడదు. లేబుల్ మీద ఆ హెచ్చరిక ఉంటుంది. పిల్లలకి సిఫార్సు చేయబడదు అని కూడా ఉంటుంది.

(వెనక వరుస నుంచి ఒకరు: మరి బెల్లం వాడితే సరిపోదా మేడమ్?)

ఈ ప్రశ్న రాని సభ లేదండి. మాస్టారూ, వంద గ్రాముల చక్కెరలో 400 క్యాలరీలుంటే, బెల్లంలో 350కి పైనే ఉంటాయి. ఆ తేడా కూడా బెల్లంలో కాస్త తేమ ఉండటం వల్ల వచ్చేదే. ఐరన్, ఇంకొన్ని ఖనిజాలు కొద్దిగా ఉంటాయి. రక్తంలోకి వెళ్లాక అదీ చక్కెరే. రుచి కోసం వాడండి, నాకూ బెల్లమే ఇష్టం. ఆత్రేయపురం పూతరేకుల్లో కూడా ఇప్పుడు బెల్లం రకం ఉంది. పూతరేకులో ఆ రేకు ఉంది చూశారూ, అది గాలికి ఎగిరిపోయేంత తేలిక. బరువంతా లోపల వేసే నెయ్యి, తీపిది. పంచదార తీసి బెల్లం వేస్తే రంగు మారుతుంది, క్యాలరీలు కావు. తేనె, తాటిబెల్లం, కొబ్బరి చక్కెర, అన్నిటికీ ఇదే సమాధానం.

చిరుధాన్యాల మీద కూడా ఇదే భ్రమ ఉంది. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో వేసిన ఆహార పట్టికలు చూడండి. వంద గ్రాములకి బియ్యం 356 క్యాలరీలు, సజ్జలు 348, సామలు 346, జొన్నలు 334, రాగులు 321. మహా అయితే పదో వంతు తేడా. చిరుధాన్యాలతో లాభం లేదని కాదు. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, కాస్త తక్కువ తింటాం. లాభం ఆ తక్కువ తినడంలో ఉంది. అన్నం తిన్నంతా కొర్రలు తిని, సన్నబడలేదేమిటని అడిగితే ఎలా? మన భోజనంలో అసలు బరువు అన్నానిదే. దేశవ్యాప్తంగా జరిగిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2025లో చెప్పిన ప్రకారం మనవాళ్ల క్యాలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. ఆ కొండని వదిలేసి టీలో బిళ్ళ దగ్గర చర్చ పెట్టుకుంటున్నాం.

తినేవాటిలో నిజంగా క్యాలరీలు పడిపోయేది ఒకటుంది, కాలీఫ్లవర్ తురుము. ఉడికిన అన్నం వంద గ్రాములు 130 క్యాలరీలైతే, కాలీఫ్లవర్ పాతిక. కానీ దాన్ని అన్నం అంటే మా ఇంట్లో పెద్దాయన కంచం పక్కకి జరిపేస్తారు. కూరలా వండి, అన్నం సగం చేస్తే అదే లాభం వస్తుంది, గొడవ కూడా ఉండదు.

కొవ్వుకి బదులు సరుకు కనిపెట్టాలని కూడా చూశారు. అమెరికాలో ఓలెస్ట్రా అని ఒక నూనె వచ్చింది, 1996లో అనుమతి ఇచ్చారు. నూనెలాగే వేగుతుంది, నూనెలాగే రుచి ఇస్తుంది, పేగులు మాత్రం దాన్ని అరిగించుకోలేవు. క్యాలరీలు సున్నా. 1998లో దానితో వేయించిన చిప్స్ మార్కెట్లో మోతెక్కిపోయాయి. కానీ అరగని నూనె లోపలే ఉండదు కదా, బయటికి రావాలి. "కడుపునొప్పి, విరేచనాలు కావచ్చు" అని ప్యాకెట్ మీద అచ్చు వేయాల్సి వచ్చింది. పోతూ పోతూ ఏ, డి, ఇ, కె విటమిన్లను కూడా పట్టుకుపోతుందని వాటిని విడిగా కలపాల్సి వచ్చింది. 2003లో హెచ్చరిక తీసేయొచ్చన్నారు గానీ, అప్పటికే జనం దాన్ని వదిలేశారు. ఈ రోజుకీ మన వంటింట్లో నూనెకి బదులు దొరకలేదు. "లైట్" అని రాసిన ఆలివ్ నూనె కూడా రంగులో, వాసనలోనే లైటు. గ్రాముకి తొమ్మిది క్యాలరీలు ఏ నూనెకైనా ఒకటే.

షుగర్ ఫ్రీ చాక్లెట్లలో కూడా ఈ కడుపు సంగతి గుర్తుంచుకోండి. మాల్టిటాల్, సార్బిటాల్ ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్పవు. బస్సెక్కే ముందు తినకండి.

సరే, అన్నీ వద్దంటున్నాను, మరి ఏది కొనాలి? పాలు చూడండి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర. ఒక గ్లాసుకి, 200 మిల్లీలీటర్లకి, ఫుల్ క్రీమ్ నుంచి డబుల్ టోన్డ్‌కి మారితే 9 గ్రాముల కొవ్వు, 80 క్యాలరీలు తగ్గుతాయి. ప్రొటీన్, కాల్షియం ఎక్కడికీ పోవు. పైగా ఇది చవక! తక్కువ క్యాలరీల సరుకుల్లో అసలు సరుకు కన్నా చవగ్గా దొరికేది ఇదొక్కటే అనుకుంటాను. చిక్కటి టీ కావాలనేవాళ్లకి కష్టమే, వారం రోజులు ఓర్చుకోండి. ఇక మజ్జిగ. పెరుగుని చిలికి, వెన్న తీసి, నీళ్లు కలిపి, కరివేపాకు, అల్లం దంచి వేసుకునే ఆ మజ్జిగ కన్నా మంచి లో క్యాలరీ డ్రింక్ ఏ కంపెనీ చేయలేదు.

కూల్ డ్రింకులు రోజూ తాగే అలవాటున్న కుర్రాళ్ల విషయంలో డైట్ రకం మేలే చేస్తుంది. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద ఏడాదిన్నర పాటు పరీక్ష చేశారు, 2012లో ప్రచురించారు. రోజుకి 250 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి. సగం మందికి చక్కెరది, సగం మందికి చక్కెర లేనిది. ఏది ఏదో పిల్లలకి తెలియదు. చక్కెర లేనిది తాగినవాళ్లు ఒక కిలో తక్కువ పెరిగారు. తెలియకపోవడం ముఖ్యం, చూడండి. తెలిస్తే పక్కన సమోసా పెట్టుకునేవాళ్లు. అయితే మన దగ్గర అసలు తాగని పిల్లాడికి "ఇది డైట్ లే" అని అలవాటు చేయడం మాత్రం ఒప్పుకోను.

షుగర్ ఉన్నవాళ్లు టీలో బిళ్ళ వాడుకోండి, తప్పు లేదు. మిగతావాళ్లు నెలకి పావు చెంచా చొప్పున చక్కెర తగ్గించుకుంటూ రండి, నాలుక దానికదే సర్దుకుంటుంది. పాయసంలో వేయాలనుకుంటే అస్పర్టేమ్ వేడికి తీపి పోగొట్టుకుంటుంది, పొయ్యి దించాక కలపాలి. సుక్రలోజ్ అయితే పాయసం వేడికి నిలుస్తుంది.

(ముందు వరుసలో ఒక అమ్మ: సంక్రాంతికి అరిసెలు షుగర్ ఫ్రీలో చేయొచ్చా అండీ?)

చేయలేమమ్మా. అరిసెలో బెల్లం తీపి కోసమే కాదు. ఉండ పాకం వస్తేనే తడిపిండి దాన్ని పట్టుకుని చలిమిడి అవుతుంది, నూనెలో విడిపోకుండా నిలుస్తుంది. బిళ్ళలు వేస్తే పాకం ఎక్కడిది? మూకుడులో పిండి తేలుతుంది. బెల్లంతోనే చేసుకోండి, కాస్త చిన్నవి ఒత్తండి. మూకుడులోంచి తీయగానే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతాం కదా, అక్కడ మొహమాటపడకండి. నూనె ఎంత కిందికి దిగితే అంత లాభం.